కుడికీ ఎడమకీ లాగిన బండి

ఇంజిన్ గాల్లో వేలాడుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదని నాయన ముందే చెప్పాడు. అయినా అత్త ఊరుకోలేదు.

“మెల్లగా రా తమ్ముడా, మెల్లగా. అది బండికి గుండె. దూది మూట కాదు.”

“అక్కా, నువ్వు ఒక్క నిమిషం నోరు మూసుకో. అదే దిగతాది.”

“నోరు మూసుకుంటే నాకు ఊపిరాడదురా.”

పైన దూలానికి వేలాడదీసిన చైన్ బ్లాక్ గొలుసు నాయన చేతుల్లోంచి కొంచెం కొంచెంగా జారుతోంది. నేను బండి ముందు వంగి టార్చి పట్టుకుని నిలబడ్డాను. ఇంజిన్‌కూ బండి రేకుకూ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదు. ఎక్కడైనా తగులుతుందేమో చూసి చెప్పడం నా పని. చెప్పాలంటే గట్టిగా అరవాలి. నాకు అంత గొంతు రాదు. అందుకని టార్చి రెండుసార్లు ఆడిస్తే ఆపమని, ఒకసారి ఆడిస్తే దింపమని నాయనా నేనూ ముందే అనుకున్నాం. ఒకసారి ఆడించాను. ఇంజిన్ కిందికి దిగి తన చోట్లో కూర్చుంది. మౌంటింగ్ రబ్బరు నలిగిన చిన్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడుకు నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

ఆ రోజు డైరీలో మొదటి వాక్యం ఇట్లా రాసుకున్నాను: “పెద్ద ఇంజిన్ చిన్న బండిలో పట్టింది. నేను చూశాను.”

బండి మా అత్తది. నాయనకు అక్క. ఆమెకు మా పక్క ఊరు సత్రపట్టిలో మగ్గాలున్నాయి. గాయాలకు కట్టే పలచటి తెల్ల గుడ్డ నేయిస్తుంది. వెనక సీటు మడిచి, గుడ్డ చుట్టలు నింపుకుని, నెలకు రెండుసార్లు సెంగోట్టై దాటి ఘాట్ రోడ్డు ఎక్కి కేరళకు తనే నడుపుకుంటూ పోతుంది. మిగతా రోజుల్లో పెళ్లికైనా, ఆస్పత్రికైనా, గుడికైనా మా రెండిళ్ల వాళ్లకూ అదే బండి. ఐదుగురు కూర్చునే పాత చిన్న కారు. చదును నేల మీద బాగానే పరిగెత్తుతుంది. ఘాట్ మొదలయ్యేసరికి ఏసీ ఆపాలి, అద్దాలు దించాలి, అయినా మొదటి గేరులో ఏడుస్తూ ఎక్కుతుంది.

“ఒక ఆటో నన్ను దాటిపోయినాదిరా,” అని ఒకరోజు అత్త వచ్చి మా వాకిట్లో కూలబడింది. “లారీ దాటితే సరి, బస్సు దాటితే సరి. ఆటో! అందులో కూర్చున్న ముసలామె నన్ను చూసి చెయ్యి ఊపినాది.”

“వేరే బండి కొనుక్కోరాదా వదినా?” అంది అమ్మ.

“నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దీంట్లో. దీని క్లచ్చు నా కాలికి తెలుసు. బండి ఇదే ఉండాల. గుండె మాత్రం మార్చండి.”

ఊరికే, చుమ్మా అన్న మాట అది. నాయన దాన్ని పట్టుకున్నాడు. అదే కంపెనీ పెద్ద కారు ఒకటి, వెనక నుంచి లారీ గుద్దింది, మదురైలో పాత బండ్లు విప్పే యార్డులో ఉందని విన్నాడు. పోయి చూశాడు. ఇంజిన్ మీద గీత కూడా పడలేదు. టర్బో ఉన్న ఇంజిన్, గేర్‌బాక్సుతో సహా. ఇంజిన్ మార్చడానికి ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగి పర్మిషన్ కాయితాలు తేవడం అత్త వంతు. ఆమెకు అది ఘాట్ ఎక్కినంత కష్టం కాలేదు. ఆమె గొంతుకు కౌంటర్లో ఫైళ్లు తమంతట తామే కదులుతాయి.

ఇది నాయనకు ఎంత పెద్ద పని అంటే, దీనికి ముందు ఆయన ఎప్పుడూ ఏ కారుకూ ఇంజిన్ మార్చలేదు. ఇరవై ఏళ్లకు పైగా స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. దూది నూగు ఊపిరితిత్తుల్లో చేరి, మెట్లెక్కితే దగ్గు, పడుకుంటే దగ్గు. మిల్లు మానేస్తేనే తగ్గుతుందని డాక్టరు చెప్పాక, ఇంటి పక్క స్థలంలో రేకుల షెడ్డు వేసి బండ్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. నిజంగానే దగ్గు తగ్గింది. కానీ షెడ్డుకు వచ్చేవి పంక్చర్లూ, బ్రేకులూ అంతే. ఇంతలో మిల్లు వాళ్లు మళ్లీ పిలిచారు. పాత ఫిట్టర్లు లేక కష్టంగా ఉంది, వస్తే అదే పని ఇస్తాం, సోమవారం ఉదయం షిఫ్టుకు వచ్చి అవునో కాదో చెప్పమన్నారు. ఆ సోమవారానికి పది రోజులుంది.

“ఈ బండి నేరుగా పోయినాదంటే నేను షెడ్డులో ఉంటాను,” అన్నాడు నాయన అమ్మతో. “పోలేదంటే ఇంజిన్ దించి పెట్టి మిల్లుకు పోతాను. ఊరికే మనసును రెండు చోట్ల పెట్టుకోను.”

ఆయన దగ్గు ఎట్లా ఉండేదో అమ్మకంటే తెలిసినవాళ్లు లేరు.

నా సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. డిగ్రీ అయిపోయి, బి.ఎడ్. సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. షెడ్డు మూల పాత టైర్ల వెనక కూర్చుని పుస్తకాలు చదువుతాను. అక్కడైతే ఎవరూ పలకరించరు. డైరీ మాత్రం తెలుగులో రాస్తాను. మా ఇంట్లో పుట్టినప్పటి నుంచీ మాట్లాడేది తెలుగే, కానీ ఇది తమిళ దేశం, బడిలో చదివిందంతా తమిళం. నాయనకూ అమ్మకూ అత్తకూ తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేను పన్నెండో తరగతి సెలవుల్లో ఒక వాచకం తెప్పించుకుని నేర్చుకున్నాను. భాష మీద ప్రేమ కొంత. అంతకంటే ముఖ్యం, డైరీ బల్ల మీద తెరిచిపెట్టి పోయినా ఇంట్లో ఎవరూ చదవలేరు. ఇనపపెట్టెకు కూడా అంత మంచి తాళం ఉండదు.

ఇంజిన్ దిగిన తరువాత మూడు రోజులు వైర్లు, పైపులు, రేడియేటరు. శనివారం ఉదయం ఆరున్నరకు మొదటిసారి రోడ్డు మీదికి తీశాం. చోళపురం దారిలో పొలాల మధ్య నేరుగా పోయే ముక్క ఒకటుంది, ఆ వేళకు ఖాళీగా ఉంటుంది. అత్త స్టీరింగ్ ముందు, పక్కన నాయన, వెనక నేను, ఒళ్లో డైరీ.

“పోదామా?” అంది అత్త.

“మొదట మెల్లగా...”

అత్తకు మొదటి మాట మాత్రమే వినిపించింది. కాలు అడుగుదాకా తొక్కింది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. కడుపులో ఏదో వెనకే ఉండిపోయి, మిగతా నేను ముందుకు పోయినట్టయింది. పత్తి చేలు పచ్చటి గీతలయ్యాయి. నేను అరిచాను. నా జీవితంలో నేను అంత గట్టిగా అరవడం నేనే ఎప్పుడూ వినలేదు. అంతలోనే స్టీరింగ్ అత్త చేతుల్లో చేపలాగా గింజుకుని, బండి రోడ్డు మధ్య గీత దాటి కుడికి పోయింది.

“ఓయమ్మా!” అని అత్త రెండు చేతులతో తిప్పి పట్టుకుంది. ఆపింది. తరువాత అత్త స్టీరింగ్ మీద తల పెట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

“ఏం పరుగురా ఇది! ఇప్పుడు రానీ ఆ ఆటోని!” కళ్లు తుడుచుకుంది. “కానీ కుడికి లాగతాదిరా. గట్టిగా లాగతాది.”

నాయన దిగి, ఆమెను పక్కకు కూర్చోబెట్టి, తను నడిపాడు. కొంచెం దూరం పోయి ఆపాడు. నుదురు ముడి పడింది.

“కుడికి లేదక్కా. ఎడమకు లాగతాది.”

“నాకు కుడీ ఎడమా తెలియదా?”

“నీకు తెలుసో లేదో నాకు తెలియదు. ఇది ఎడమకే.”

అక్కడ మొదలైంది. ముందు చక్రాలే లాగే బండి ఇది. లాగేదీ అవే, మలుపు తిరిగేదీ అవే. రెండు పనులు ఒకరికే అప్పగిస్తే ఎట్లా ఉంటుందో మా అమ్మను అడిగితే చెబుతుంది. ఇంతకాలం చిన్న ఇంజిన్ కాబట్టి చక్రాలు ఓర్చుకున్నాయి. ఇప్పుడు ఇంత బలం ఒక్కసారి వచ్చి పడుతుంటే తట్టుకోలేకపోతున్నాయని నాయనకు తెలుసు. ఎందుకు ఒక పక్కకే అనేదే తెలియలేదు. ఆ పక్క ఏదో కూడా తెలియలేదు.

అక్క మాట విని అలైన్‌మెంట్ షాపులో చక్రాల వాలు ఎడమకు సరిచేయించాడు. మరునాడు అత్త నడిపి, ఇంకా కుడికే అంది. తను నడిపి, ఇప్పుడు ఎడమకు ఇంకా ఎక్కువైంది అన్నాడు. వాలు వెనక్కి మార్పించాడు. టైర్లు అటువి ఇటు, ఇటువి అటు వేశాడు. కింద జాయింట్లు విప్పి కొత్తవి పెట్టాడు. రోజూ ఉదయం ఆరున్నరకు అదే దారి, అదే తగాదా.

“నీ బండికి కుడి పక్క ఊర్లో ఎవరో చుట్టాలున్నారురా. ఆ పక్కకే పోతానంటాది.”

“నువ్వు స్టీరింగ్ పట్టుకునేది సరిలేదక్కా. కుండ పట్టుకున్నట్లు పట్టుకుంటావు.”

“ఈ కుండతోనే ఇరవై ఏళ్లు ఘాట్ ఎక్కినాను. నువ్వు మిషన్ల నడమ పుట్టి పెరిగినావు, రోడ్డు నీకేం తెలుసు?”

దారిలో మేకలు తోలుకొచ్చే పెద్దాయన మా బండి కనిపిస్తే చాలు, ముందుగానే మేకల్ని చేలోకి దించేసేవాడు. అది నాయనకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

నేను వెనక కూర్చుని రాసుకుంటూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆ రోజులు పండగలాగా ఉన్నాయి. పొద్దున లేవగానే గుండె కొట్టుకునేది, ఈ రోజు మళ్లీ అత్త కాలు తొక్కుతుంది అని. పడమటి కొండల మీద మబ్బు ఇంకా విడవకముందే మేము రోడ్డు మీద ఉండేవాళ్లం. బయటికి మాత్రం ఏమీ చెప్పేదాన్ని కాదు. నాయన ముఖం రోజురోజుకూ చిన్నబోతుంటే నాకు ఉత్సాహంగా ఉందని ఎట్లా చెప్పను?

రెండో శనివారం సాయంత్రం నాయన షెడ్డు కడిగి, పనిముట్లన్నీ తుడిచి వరసగా పెట్టాడు.

“రేపు ఇంజిన్ దించతాను. చైన్ బ్లాక్ మళ్లీ ఎక్కించినాను,” అన్నాడు అమ్మతో. “ఎల్లుండి టిఫిన్ క్యారియరు కట్టు.”

అమ్మ “సరి” అంది. లోపలికి పోయి అల్మారాలో మడిచిపెట్టిన మిల్లు యూనిఫాం తీసి కొంచెంసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ అక్కడే పెట్టింది.

నేను గదిలోకి పోయి డైరీ మొదటి నుంచి చదివాను. ఆ వారమంతా రాసింది ఒకే విషయం కాబట్టి విసుగు పుట్టాలి. పుట్టలేదు. ఐదో పేజీ దగ్గర వేలు ఆగిపోయింది. వెనక్కి తిప్పాను. మళ్లీ ముందుకు తిప్పాను. అత్త నడిపిన ప్రతిసారీ కుడికి. నాయన నడిపిన ప్రతిసారీ ఎడమకు. ఒక్కసారి కూడా తప్పలేదు. చక్రాల వాలు ఎటు మార్చినా, టైర్లు ఎటు వేసినా అదే. అయితే అది బండిలో లేదు, తొక్కే కాలిలో ఉంది. లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. నాకు మోటారు బండ్ల గురించి ఏం తెలుసని నాయనకు చెప్పడం?

ఆదివారం పొద్దున చైన్ బ్లాక్ కొక్కెం ఇంజిన్ మీద వేలాడుతోంది. అత్త కూడా వచ్చింది. ఎప్పటిలాగా అరవడం లేదు. ఒక స్టూలు మీద కూర్చుని బానెట్ మీద చెయ్యి పెట్టి ఉంది. నాయన స్పానర్ తీసి మౌంటింగ్ మొదటి బోల్టుకు తగిలించాడు.

టార్చి నా చేతిలో ఉంది. రెండుసార్లు ఆడించాను.

నాయన పైకి చూశాడు. “ఏంది పాపా? ఇంకా ఏమీ ఎత్తలేదే.”

మళ్లీ రెండుసార్లు ఆడించాను. డైరీ చాపి పట్టుకున్నాను. నాయన చేతులు ప్యాంటుకు తుడుచుకుని తీసుకున్నాడు, తెరిచాడు, తలకిందులుగా ఉందేమోనని తిప్పి చూశాడు.

“ఇది నాకేం తెలుస్తాదమ్మా? నువ్వే చదువు.”

నా తాళం నాకే అడ్డం వచ్చింది. చదవక తప్పలేదు.

“శనివారం. అత్త నడిపింది. కాలు పూర్తిగా తొక్కింది. కుడికి లాగింది. నాయన నడిపాడు. కొంచెం తొక్కి వెంటనే కాలు తీశాడు. ఎడమకు లాగింది అన్నాడు...”

“ఏందే ఇది, టీవీలో వార్తలు చదివినట్లుండాది!” అంది అత్త. “నడిపిం-ది అంట! మనింట్లో ఎవరు అట్లా మాట్లాడతారు?”

“అక్కా, ఆగు. నువ్వు చదువు పాపా.”

“ఆదివారం. అత్త తొక్కింది, కుడికి. నాయన తొక్కాడు, భయపడి కాలు తీశాడు...” అక్కడ ఆగాను.

“భయపడినానా? సరి. తరువాత?”

“తరువాతిది వద్దు నాయనా.”

“చదవమంటే చదువు.”

ముఖం కాలిపోతోంది. కళ్లు కాగితం మీదనుంచి ఎత్తకుండా గబగబా చదివేశాను. “అత్త బండి నడిపితే ఎద్దును తోలినట్టుంటుంది. నాయన నడిపితే నిద్రపోయే బిడ్డను ఎత్తుకున్నట్టుంటుంది. ఇద్దరూ ఒకే బండి గురించే పోట్లాడుకుంటున్నారంటే నమ్మడం కష్టం.”

అప్పుడు అత్త నవ్వింది. రేకులు అదిరేట్టు నవ్వింది.

“మా కోడలు పిల్ల నోట్లో నాలుక లేదనుకుంటిని. అంతా ఈ పుస్తకంలో దాచిపెట్టినాది!”

నాయన నవ్వలేదు. స్పానర్ వేళ్ల మధ్య తిప్పుతూ ఉన్నాడు. “తొక్కినప్పుడు కుడికి,” అన్నాడు మెల్లగా. “కాలు తీసినప్పుడు ఎడమకు. నేను తొక్కినప్పుడూ కుడికే పోయి ఉంటాది. నేను వెంటనే తీసేస్తాను. నాకు గుర్తుండేది ఎడమదే.” అక్క వైపు చూశాడు. “నువ్వు చెప్పినదీ నిజమే అక్కా.”

“ఇది కూడా రాసుకో పాపా. తేదీ వేసి,” అంది అత్త.

“కానీ ఎందుకు? తొక్కితే అటు, తీస్తే ఇటు, ఎందుకు?” అన్నాడు నాయన.

అప్పుడు మాట్లాడింది అమ్మ. ఎప్పుడు వచ్చిందో, వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. అమ్మ పెళ్లికి ముందూ తరువాతా అదే మిల్లులో నూలు వడికే రింగ్ ఫ్రేముల దగ్గర పనిచేసింది. ఒక్కో ఫ్రేము ఒక వీధంత పొడుగు. తెగిన దారాలు అతికిస్తూ దాని పొడవునా రోజంతా నడవడమే పని.

“ఫ్రేము ఆన్ చేస్తూనే దారాలు ఎక్కడ తెగతాయి?” అంది.

నాయన తల తిప్పాడు.

“ఆ చివర్లో,” అని తనే చెప్పింది. “మోటారు పక్కన దారాలు బాగానే ఉంటాయి. ఆ చివరికి ఉరకాల, అన్నీ తెగి ఉంటాయి. నేను నీకు ఎన్నిసార్లు చెప్పినాను? నువ్వే కదా చెప్పినావు, దూది లాగే రోలరు అంత పొడుగు, మోటారు ఉండే ఈ చివర తిరిగినాక, అది మెలిపడి, ఆ చివరికి ఆలస్యంగా తెలుస్తాదని. ఆపినప్పుడూ అంతే అని. నీ బండిలో పొడుగుది ఏదన్నా ఉండాదా?”

నాయన అమాంతం బండి కిందికి దూరాడు. “దారం!” అన్నాడు కింద నుంచి. అమ్మ పరుగెత్తి నూలు కండె తెచ్చింది. మా ఇంట్లో టేపు వెతకాలి గానీ నూలు వెతకక్కర్లేదు. గేర్‌బాక్సు నుంచి ఎడమ చక్రందాకా ఒక దారం, కుడి చక్రందాకా ఒక దారం కొలిచి తెంపి, బయటికి వచ్చి, రెండూ పైకెత్తి పట్టుకున్నాడు. కుడిది ఎడమదానికి రెట్టింపు.

గేర్‌బాక్సు ఎడమ పక్కన ఉంది. అక్కడినుంచి రెండు చక్రాలనూ తిప్పే యాక్సిల్ రాడ్లు పోతాయి. ఎడమది పొట్టి, కుడిది పొడుగు. గట్టిగా తొక్కితే పొట్టిది వెంటనే చక్రాన్ని తిప్పుతుంది. పొడుగుది మెలిపడి, ఒక క్షణం ఆలస్యంగా అందుకుంటుంది. ఎడమ చక్రం ముందుకు దూకితే బండి కుడికి తిరుగుతుంది. కాలు తీస్తే అదే తలకిందులు. ఇంత చిన్న లెక్క. నేను గెంతకుండా నిలబడడానికి టార్చిని రెండు చేతులతో నలిపేస్తున్నాను.

“అయితే పెద్ద కారులో ఎట్లా పోయినాది ఇది? దానికీ కుడిది పొడుగే కదా?” అంది అత్త.

నాయన ముఖం చూశాను. సిగ్గుపడుతున్నాడు. నాకు ఆ ముఖం బాగా తెలుసు, అద్దంలో చూస్తుంటాను.

“దాంట్లో నడిమి షాఫ్ట్ ఒకటి ఉండినాది. లావుది. ఇంజిన్‌కు బేరింగ్‌తో బిగించి. దాని తరువాత రెండు పక్కలా ఒకే కొలత యాక్సిళ్లు. నేనే తీసేసినాను. తీసేసి, లేతు మిషన్ మీద తిప్పించి ఒకే పొడుగు రాడ్డు చేయించినాను.”

“ఎందుకురా?”

“బేరింగ్ ఒకటి తగ్గతాదని.”

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెకు వెంటనే అర్థమైంది. మిల్లులో బేరింగ్ అంటే భయం. ఎక్కడ బేరింగ్ ఉంటే అక్కడ దూది నూగు చేరుతుంది, వేడెక్కుతుంది, అంటుకుంటుంది. ఒక్క బేరింగ్ తగ్గించినా మంచి ఫిట్టరు అని పేరు. ఇరవై ఏళ్లు ఆ భయంతో బతికిన చేతులు, దూది నూగే లేని కారులో కూడా అలవాటుగా ఒక బేరింగ్ తగ్గించేశాయి. మోటారు మెకానిక్ ఎవడూ ఆ తప్పు చేయడు. మిల్లు ఫిట్టరు మాత్రమే చేస్తాడు.

“ఆ షాఫ్ట్ ఏమైనాది? పాత ఇనుముకు వేసేసినావా?” అత్త స్టూలు మీదినుంచి లేచింది.

“ఇక్కడే గోడకు ఆనించి పెట్టినానే...”

“అదా!” అంది అమ్మ. “ఆ లావు రాడ్డా? వడియాల గుడ్డ ఎగిరిపోతా ఉంటే బరువుకు పెట్టినాను. మిద్దె మీద ఉండాది.”

నేను అప్పటికే మెట్ల మీద ఉన్నాను. కొండ గాలి విసురుగా వీస్తోంది. తెల్లటి గుడ్డ మీద వడియాలు వరసగా ఎండుతున్నాయి. ఒక అంచున ఇటుకలు. ఇంకో అంచున, ఎండకు మెరుస్తూ, నడిమి షాఫ్ట్. ఒక చివర బేరింగ్, దాని బ్రాకెట్ అట్లానే ఉన్నాయి. ఎత్తాను. బరువుగా, వెచ్చగా ఉంది. బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని దిగుతుంటే, వెనక గుడ్డ లేచి వడియాలు పక్కింటి మిద్దె మీదికి పోయాయి.

“నా వడియాలు!” అని అమ్మ అరుపు. ఎవరూ పట్టించుకోలేదు. కొంచెంసేపటికి అమ్మ కూడా పట్టించుకోవడం మానేసింది.

ఆదివారమైనా అత్త ఫోన్ చేసి లేతు షాపు తెరిపించింది. ఎడమ యాక్సిల్ కొలతకే కుడి యాక్సిల్ తయారైంది. నూగు చేరిందేమోనని నాయన ఆ బేరింగ్‌ను మూడుసార్లు తుడిచాడు. సాయంత్రానికి అన్నీ బిగించి, బండి కిందనుంచి బయటికి వచ్చి, విప్పిన పొడుగు రాడ్డును వెనక సీటు కింద పడేసి, రెండు దారాలూ మళ్లీ కొలిచి, కుడిది నడిమి షాఫ్ట్ చివరినుంచి, పక్కపక్కన పట్టుకున్నాడు. ఈసారి రెండూ ఒకటే.

“ఇప్పుడే పోదామా?” అన్నాన్నేను. నేనే అన్నాను, గట్టిగా.

“ఆదివారం సాయంత్రం ఆ దారిలో జనం ఉంటారు. పొద్దునకే.”

సోమవారం ఆరున్నర. నాయన నడిపాడు. అత్త వెనక కూర్చుని ముందు సీటు నాకు ఇచ్చింది. బండిలో మిల్లు టిఫిన్ క్యారియరు లేదు గానీ, ఇంటి దగ్గర అమ్మ కట్టే పెట్టింది. బండి ఎటు పోతుందో చూసి తీసుకోవాలో వద్దో చెబుతానన్నాడు.

నేరుగా ఉన్న ముక్క వచ్చింది. మేకల పెద్దాయన మమ్మల్ని చూసి మేకల్ని చేలోకి దించుతున్నాడు. నాయన ఒక్కసారి నా వైపు చూసి, కాలు కింది దాకా తొక్కాడు. అంత దాకా ఆయన తొక్కడం అదే మొదటిసారి. వీపు సీటుకు అతుక్కుంది. నేను స్టీరింగే చూస్తున్నాను. అది కదల్లేదు. నాయన పిడికిళ్లు బిగిసి, మెల్లగా వదులయ్యాయి, రెండు వేళ్లతో పట్టుకున్నాడు. తొక్కుతూనే ఉన్నాడు. రోడ్డు మధ్య గీత మా కుడి పక్క అట్లానే ఉంది. కాలు తీశాడు. గీత అట్లానే ఉంది.

“ఏ పక్కకు లాగినాది?” అన్నాడు.

“ఏ పక్కకూ లేదు!”

“అక్కా?”

వెనకనుంచి జవాబు లేదు. తిరిగి చూస్తే అత్త ఏడుస్తోంది, నవ్వుతోంది. “నోరు మూసుకున్నాను చూడు,” అంది. “ఊపిరి ఆడతానే ఉండాది.”

వెనక్కి వచ్చేటప్పుడు నాయన అత్తను మా ఇంటి దగ్గర దింపి, నన్ను తీసుకుని నేరుగా మిల్లు గేటుకు పోయాడు. ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ ఇరవై ఏళ్లు అన్నం పెట్టిన చోటికి పోయి, ఇక రానని ముఖం చూసి చెప్పాలన్నాడు. “ఐదు నిమిషాలు,” అని లోపలికి పోయాడు. ఇంటి దగ్గర ఆగినప్పుడు క్యారియరు అడగలేదు.

రెండు నిమిషాలు కాకముందే దూది బేళ్ల లారీ ఒకటి వచ్చి నా వెనక హారన్ కొట్టింది. వాచ్‌మన్ కిటికీ దగ్గరికి వచ్చాడు. “బండి తీయమ్మా, గేటుకు అడ్డం.” నాయన లోపల ఉన్నాడని చెప్పబోయాను. లారీ మళ్లీ కొట్టింది. లైసెన్సు నా పర్సులో రెండేళ్ల నుంచీ ఉంది. అత్త పక్కన కూర్చుంటే తప్ప ఎప్పుడూ నడపలేదు. పక్క సీటుకు జరిగాను. కీ తిప్పాను. తొక్కాను. గేటు తప్పుకోవడానికి అంత తొక్కక్కర్లేదు, తెలుసు. కొంచెం ఎక్కువే తొక్కాను. బండి నా కాలు ఎంత చెబితే అంత, నేను చూసిన చోటికి, మిల్లు కాంపౌండు గోడ పొడవునా నేరుగా పోయి ఆ చివర ఆగింది. నా అరుపు లారీ హారన్‌లో కలిసిపోయింది.

నాయన నడుచుకుంటూ వచ్చాడు. డ్రైవరు సీటులో నన్ను చూశాడు. చుట్టూ తిరిగి వచ్చి పక్క సీటులో కూర్చున్నాడు.

“చెప్పేసినాను,” అన్నాడు. దగ్గలేదు. “పో.”

“ఎక్కడికి నాయనా?”

వెనక సీటు కింద అడ్డంగా పడి ఉన్న పొడుగు రాడ్డు వైపు చెయ్యి చూపించాడు. ఆయనే చేయించి, ఆయనే తీసేసింది.

“మొదట ఇంటికి. మీ అమ్మ మళ్లీ వడియాలు పెట్టాల. దాన్ని మిద్దె మీదికి ఎక్కించాల.”